ఒలిచిన గోడకు వాన దెబ్బ

పాత గోవాలోని బోమ్ జీసస్ బసిలికా గోడలను దూరం నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. దగ్గరికి వెళ్తే భయం వేస్తుంది. ఎర్రటి లేటరైట్ రాళ్ల అంచులు అరిగిపోయాయి, ముఖాన చిల్లులు పడ్డాయి. పునీత ఫ్రాన్సిస్ శౌరివారి దేహం ఉన్న గుడి ఇది. పిల్లలకు శౌరి, శౌరయ్య అని పేర్లు పెట్టుకునే తెలుగు కతోలికులకు పరాయి చోటేమీ కాదు.

1605లో ప్రతిష్ఠించిన ఈ గుడి గోడలకు మూడు శతాబ్దాలకు పైగా సున్నపు గార ఉండేది. 1950ల తొలినాళ్లలో పోర్చుగీసు నిపుణుడు బల్తజార్ కాస్ట్రో దాన్ని ఒలిపించేశారు. కట్టడం మరింత పురాతనంగా కనపడాలన్నదే ఉద్దేశం. లేటరైట్ నీళ్లు పీల్చే రాయి. గోవాలో ఏటా మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అదీ చాలావరకు నాలుగు నెలల్లోనే. ఆ దెబ్బకు ఒంటి మీద చొక్కా లేని గోడ ఎన్నాళ్లు ఆగుతుంది? రోడ్డుకు అవతల సే కథీడ్రల్ సున్నం పూతతో తెల్లగా నిలిచే ఉంది.

గార తిరిగి వేయాలని 2020లో బసిలికా రెక్టరే బహిరంగంగా కోరారు. అడ్డు వస్తున్నది డబ్బు ఒక్కటే కాదు, మన కంటికి పట్టిన అలవాటు కూడా. ఫొటోల్లో, పోస్టర్లలో చూసీ చూసీ ఆ ఎరుపే అసలు రూపమని నమ్ముతున్నాం. పర్యాటకుల కంటి కోసం, నిత్యం దివ్యబలిపూజ జరిగే గుడిని అరగనివ్వడం అన్యాయం. అదే ఊళ్లో దిక్కులేకుండా వదిలేసిన అగస్టీన్ గుడి పైకప్పు 1842లో కూలింది, 1931లో ముఖభాగమూ పడిపోయింది. ఇప్పుడు మిగిలింది మొండి గోపురం.

గార అంటే సిమెంటు కాదు. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు తేలి, పెచ్చులతో పాటు రాయీ ఊడుతుంది. మన ఊళ్లలో పండగ ముందు పాత సున్నపు గోడలకు సిమెంటు, ప్లాస్టిక్ పెయింటు వేయించే విచారణ పెద్దలూ ఇది గమనించాలి.

యునెస్కో 1986లోనే ఈ కట్టడాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితా వానను ఆపదు. భారత పురావస్తు శాఖ, గోవా అగ్రపీఠం కలిసి కూర్చుని, వచ్చే వర్షాలలోగా వాన ఎక్కువ కొట్టే వైపు ఒక గోడకైనా డంగు సున్నంతో గార వేయించాలి. ఫలితం చూసి మిగతా గోడలకు పూనుకోవచ్చు. అరిగిన రాయిని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.