తక్కువ తిరిగిన బండే మంచి బండా?

పాత కారు కొనబోయేవాడిని మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎంత తిరిగింది?" హైదరాబాద్‌లో కిలోమీటర్లు, డల్లాస్‌లో మైళ్లు, అంతే తేడా. "డాక్టరుగారి బండి, సింగిల్ ఓనర్, షెడ్డులోంచి బయటికి తీసిందే తక్కువ" అని చెబితే చాలు, అడిగినంత ఇచ్చి తెచ్చుకుంటారు. నాలుగైదేళ్ల మారుతీకి ఈ లెక్క కొంతవరకు నడుస్తుంది. పాతికేళ్లు దాటిన స్పోర్ట్స్ కారుకు మాత్రం ఇది పనికిరాని లెక్క. పైగా చూడాల్సిన చోట చూడనివ్వదు, అది ఇంకా పెద్ద నష్టం.

అమెరికాలో ఇలాంటి బండి మీద మోజుపడే మన కుర్రాళ్ల చూపు తరచుగా మజ్దా మియాటా మీద పడుతుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనం ముందుకు వచ్చిన రెండు సీట్ల బండి ఇది. 1.6 లీటర్ల ఇంజన్, టన్ను లోపు బరువు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ టాప్. 2000లో అమ్మకాల్లో గిన్నిస్ రికార్డుకెక్కింది, 2016లో పది లక్షలవ బండి ఫ్యాక్టరీ దాటింది. కాబట్టి మార్కెట్లో వీటికి కొదవలేదు. ఎంచుకునే పద్ధతిలోనే వస్తోంది చిక్కంతా. 30 వేల మైళ్ల బండి కనబడితే కళ్లు మూసుకుని కొనేస్తారు, లక్షన్నర మైళ్ల బండిని తలెత్తి కూడా చూడరు.

కారులో కొన్ని తిరిగితే అరుగుతాయి: పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సులో సింక్రోలు. కొన్ని తిరిగినా తిరగకపోయినా పాడవుతాయి: రబ్బరు, ఆయిళ్లు, ఇనుము. ఇంత వయసున్న బండికి అయ్యే ఖర్చులో పెద్ద వాటా ఈ రెండో జాబితాదే. సస్పెన్షన్ బుష్‌లు గట్టిపడి పగులుతాయి. ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడని డాట్ 3 బ్రేక్ ఆయిల్, తేమ పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. ఇవేవీ మీటరులో కనబడవు.

ఆ మధ్య ఒక మిత్రుడి కోసం 1997 మియాటా ఒకటి చూడబోయాం. అమ్మేది కూడా మన తెలుగువాడే. మీటరులో 31 వేల మైళ్లు. పెయింటు తళతళలాడుతోంది. టైర్ల గాళ్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. ఇక్కడ 2309 అని ఉంది, అంటే 2009లో 23వ వారంలో తయారైన టైరు. గోరు పెట్టి నొక్కితే దిగలేదు. గాళ్ల అడుగున వెంట్రుకంత సన్నని పగుళ్లు. బానెట్ ఎత్తితే క్లచ్ ఆయిల్ డబ్బా నల్లగా ఉంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగాను. "60 వేల మైళ్లకు కదండీ మార్చేది, మనది ఇంకా సగమే" అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. పాతికేళ్లు దాటిన రబ్బరు బెల్టు అది! మియాటాలో తెగితే రోడ్డు మీద నిలబడిపోతాం, ఇంజన్‌కు ఏమీ కాదు. అదే పోర్షే 944లో తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. అక్కడ కూడా "తక్కువ తిరిగింది" అన్న ధీమాతోనే బెల్టు వదిలేసేవాళ్లున్నారు.

ఇక ఆయన్ని అడిగి, సీట్ల వెనక టాప్ మడతపడే చోట రెండు పక్కలా గ్లాసెడు నీళ్లు పోశాను. అక్కడి కంతల్లోంచి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందుగా నేల మీదికి కారాలి. ఎడమ పక్క కారాయి, కుడి పక్క చుక్క రాలేదు. చెట్టు కింద నిలిపిన బండిలో ఆకులు, దుమ్ము చేరి ఆ దారి మూసుకుపోతుంది. నీళ్లు తలుపు కిందున్న సిల్లులో నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తాయి. పైన పెయింటు బుడగ లేచేసరికి లోపల రేకు తినేసి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. 31 వేల మైళ్ల పేరు చెప్పి ఆయన అడిగిన అదనపు సొమ్ము, సరిగ్గా ఈ మరమ్మతులకు కావలసిన సొమ్ము.

అసలు ఆ అంకెను నమ్మడం ఎలా? అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం 2010, అంతకుముందు మోడళ్లను అమ్మేవాడు మీటరు రీడింగుకు పూచీ పడుతూ రాసివ్వాల్సిన పనే లేదు. మొదటి తరం మియాటాలో స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్‌తో తిరుగుతుంది. కేబుల్ ఊడినన్నాళ్లూ బండి నడుస్తూనే ఉంటుంది, మీటరు మాత్రం నడవదు. ప్రభుత్వమే పట్టించుకోని అంకె మీద వేల డాలర్లు పెట్టడంలో నాకు తెలివి కనబడదు.

ఎక్కువ తిరిగితే బండి అయిపోయినట్టేనన్నవాళ్లకు ఇర్వ్ గోర్డన్ పేరు చెబుతాను. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో సైన్సు టీచరు. 1966లో వోల్వో పి1800 కొన్నాడు, అదీ స్పోర్ట్స్ కారే. 2013లో అలాస్కాలో అది 30 లక్షల మైళ్లు దాటింది, అంటే 48 లక్షల కిలోమీటర్లు. ఇంజన్ విప్పి బాగుచేయించాడు, వేళకు ఆయిల్ మార్చాడు, మళ్లీ నడిపాడు. నడిచే బండిలో ప్రతి లోపమూ చిన్నగా ఉన్నప్పుడే చప్పుడు చేస్తుంది, కారుతుంది, వాసన వేస్తుంది. షెడ్డులో మూలుగుతున్న బండి ఏదీ చెప్పదు.

మైళ్లకు అసలు విలువే లేదనను. ప్రతి ఆదివారం నడిచి, బిల్లులన్నీ దాచిపెట్టిన 40 వేల మైళ్ల బండి దొరికితే అదృష్టమే. అందులో విలువైనవి ఆ బిల్లులు.

దీనికి తోడు ఇంకో మూఢనమ్మకం ఉంది: మాడిఫై చేసిన బండిని ముట్టుకోకూడదట. ఏం మార్చారో చూడకుండా ఈ మాట అనడం అన్యాయం. ప్లాస్టిక్ ట్యాంకులు గోధుమరంగుకు తిరిగిన పాత రేడియేటరు తీసి అల్యూమినియంది వేయడం, కొత్త బుష్‌లు, మంచి బ్రేక్ ప్యాడ్లు, తల వెనక రోల్ బార్ - ఇవన్నీ బండిని నడపదలచినవాడు చేసే పనులు. రోల్ బార్ లేని ఓపెన్ టాప్ బండిని చాలా ట్రాక్‌లలో లోపలికే రానివ్వరు. భయపడాల్సింది ఎండిన హోస్‌లను అలాగే వదిలేసి వాటి మీద టర్బో బిగించిన బండికి. "ఇంజన్ ఫ్రెష్, 30 వేలే తిరిగింది" అని ధైర్యం చెప్పుకుని ఆ పని చేసేవాళ్లే ఎక్కువ. ఇక్కడా చెడగొట్టేది ఆ మీటరే.

తిప్పితే రేటు పడిపోతుంది కదా అంటారు. పడుతుంది. తిప్పకపోయినా ఇన్సూరెన్సు కట్టాలి, టైర్లు, బెల్టు, ఆయిళ్లు మార్చాలి, తుప్పుతో పోరాడాలి. డబ్బు దాచుకోవడానికి బ్యాంకులున్నాయి. ఈ బండిని మలుపుల్లో తిప్పడానికి తయారుచేశారు.

మా మిత్రుడు ఆ 31 వేల బండి వదిలేసి, లక్షా 48 వేల మైళ్లు తిరిగిన 1996 మోడల్ కొన్నాడు. దాంతోపాటు ఒక ఫైలు నిండా రసీదులు వచ్చాయి. మిగిలిన డబ్బుతో టైర్లు, బుష్‌లు, బెల్టు, వాటర్ పంపు అయ్యాయి. ఇప్పుడు టర్బో అంటున్నాడు. పాత రేడియేటరు, హోస్‌లు మార్చేదాకా ఆ మాటెత్తవద్దన్నాను.