పొయ్యి పంచిన రుచి

మన సాహిత్యం అన్నదానానికి వేసిన పెద్దపీట మరే సద్గుణానికీ వేయలేదంటే అతిశయోక్తి కాదు. పోతన భాగవతంలోని రంతిదేవుడు 48 దినాలు అన్నపానాలు లేక కృశించి కూడా, తుదకు లభించిన కొద్దిపాటి ఆహారాన్ని వచ్చిన అతిథులకు పెట్టివేశాడు. మిగిలిన మంచినీళ్ళను సైతం దప్పికతో వచ్చిన ఒక చండాలునికి పోశాడు. ఈ కథ విని చేతులు జోడించనివారు అరుదు. అయితే అదే భాగవతం దశమ స్కంధంలో పంచుకోవడాన్ని గురించిన మరొక దృశ్యం ఉంది. గోపబాలకులు కృష్ణునితో కలిసి చల్దులు ఆరగిస్తుంటారు. ఒకడు ఊరగాయ చూపి పక్కవాణ్ణి ఊరిస్తాడు. మరొకడు చెలికాని కంచంలోది లాగి మింగి, ఏమీ లేదని నోరు తెరిచి చూపిస్తాడు. అక్కడ దాత లేడు, గ్రహీత లేడు. ఉన్నవారందరూ ఒక ఈడువారు, ఒక తోడువారు.

ఈ రెండవ రకపు పంపకాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఆకలిగొన్నవానికి పెట్టడం పుణ్యం, సందేహం లేదు. కాని తనలాగే నిప్పుతో కుస్తీపట్టి, తనలాగే చేతులు కాల్చుకొని రొట్టె చేయడం నేర్చిన మనిషికి తన రొట్టెను తుంచి ఇవ్వడం వేరు. ఆకలిగొన్నవాడు రుచి ఎంచడు. సాటి పనివాడు తప్పక ఎంచుతాడు. ఇచ్చేవాడు కోరేదీ అదే.

నేను పెరిగిన బోధన్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. కాలువ నీటితో చెరకు విస్తరించింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ ఏర్పడిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరే స్థిరపడింది. కాలువ భూములను సాగు చేయడానికి కోస్తా జిల్లాల నుండి రైతు కుటుంబాలు తరలివచ్చి ఊళ్ళ పక్కన 'క్యాంపు'లు కట్టుకున్నాయి. ఆ విధంగా రెండు యాసలు, రెండు వంటలు ఒకే కాలువ గట్టున పొరుగయ్యాయి.

మా పెరట్లో మా అమ్మ సర్వపిండి చేసేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన సెనగపప్పు, కారం కలిపి, సర్వ లోపలి అంచుల దాకా పలుచగా అద్ది, వేలితో గుంతలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి కట్టెల పొయ్యి మీద కాల్చేది. దీనినే కొన్ని తావుల తపాలచెక్క అంటారు. క్యాంపులో ఉండే పొరుగింటి పెద్దమ్మ దిబ్బరొట్టె చేసేది. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి దళసరి ఇత్తడి గిన్నెలో పోసి, అడుగున సన్నని సెగ పెట్టి, మూత మీద కణకణలాడే నిప్పులు పరిచేది. కింద నిప్పు, పైన నిప్పు, నడుమ రొట్టె! ఇటలీవారి పిజ్జా కొలిమికీ దీనికీ సూత్రం ఒక్కటే కదా.

వారిద్దరూ ఆదివారం నాడు గోడ మీదుగా పళ్ళేలు మార్చుకునేవారు. పొగడ్తలు తక్కువ. "అక్కా, మీ రొట్టె నడుమ పచ్చిగున్నది. మీది నిప్పులు జర ఎక్కువ కావాలె" అనేది అమ్మ. "నీ పిండి మందమైంది చెల్లాయ్, అందుకే అడుగు మాడింది" అనేది ఆమె. మరుసటి ఆదివారానికి సర్వపిండి పలుచబడేది, దిబ్బరొట్టె నడుమ దాకా కాలేది. ఒకరి లోపాన్ని మరొకరు ఇంత నిర్భయంగా చెప్పుకోగల చోటు నాకు ఆ తరువాత సాహిత్య సభల్లో కూడా అంతగా కనబడలేదు!

కట్టెల నిప్పుకు ఒక స్వభావం ఉంది. అది వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. వేడెక్కిన తరువాత చల్లారడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. నేపుల్స్ నగరపు పిజ్జా పనివారి విద్యను యునెస్కో 2017లో మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. వారి కొలిమి 400 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగుతుంది. పిజ్జా కాలడానికి నిమిషమో, నిమిషంన్నరో చాలు. ఒక్క రొట్టె కోసం అంత కొలిమిని రాజేసేవాడు వెర్రివాడు. కొలిమి ఉన్నవాడు పదిమందిని పిలవక తప్పదు. మా వైపు బెల్లం గానుగ సంగతీ ఇంతే. ఎండిన చెరకు పిప్పితో పొయ్యి రాజేసి పెద్ద కడాయిలో రసం కాస్తున్నప్పుడు, దారిన పోయేవారికి గ్లాసెడు రసమో, వేడి బెల్లపు ముద్దో పెట్టకుండా పంపడం మర్యాద కాదు. స్విచ్చి వేయగానే వేడెక్కి, తీయగానే చల్లారే పొయ్యికి పొరుగువారితో పని లేదు.

అట్లని వంటింట్లోకి మళ్ళీ పొగను తెమ్మని నేననను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంట, ముసురు పట్టిన నాళ్ళలో, వండే ఇల్లాలి కంటికి పొగ సోకకుండా కొబ్బరి చిప్పలు మండించినట్లు శ్రీకృష్ణదేవరాయలు వర్ణించాడు. అతిథిపూజను వర్ణిస్తూ వండే ఆడదాని కన్నును మరువని కవి ఆయన. మన ప్రభుత్వాలకు ఆ కన్ను కనబడడానికి ఎంతకాలం పట్టిందో చూడండి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లో వచ్చింది, దేశమంతటికీ ఉజ్జ్వల పథకం 2016లో వచ్చింది. నిత్యం వంట చేసే చోట గ్యాసు ఉండవలసిందే. నేను మాట్లాడుతున్నది ఆరుబయట, సెలవునాడు, ఇష్టపడి రాజేసే పొయ్యిని గురించి.

ఇంతవరకు చెప్పినది చదివి పాతకాలమంతా బంగారమనుకుంటే పొరపాటు. గోడ దాటి వెళ్ళిన మా అమ్మ పళ్ళెం, ఊరి చివరి వాడకు ఎన్నడూ వెళ్ళలేదు. మా పొయ్యికి కట్టెలు, పిప్పి మోసుకువచ్చే ఒక స్త్రీ ఉండేది. ఏ కట్టె నిలిచి కాలుతుందో, ఏది పొగచూరుతుందో మా అమ్మకు నేర్పింది ఆమెయే. నిప్పు విద్యలో ఆమె మా అమ్మకు గురువు. అయినా ఆమె రొట్టె గుమ్మం బయటనే తినేది. ఆమె ఇంటి రొట్టె మా ఇంట్లోకి వచ్చిన జ్ఞాపకం నాకు లేదు. రంతిదేవుని కథను కంఠస్థం చేసిన ఇల్లు మాది! ఆమెకు పెట్టడానికి మాకు అభ్యంతరం లేకపోయింది. ఆమె చేతిది తినడానికే అభ్యంతరం. పెట్టడంలో పెద్దరికం మిగులుతుంది, పుచ్చుకోవడంలో అది కరిగిపోతుంది. కనుక మనుషులు సమానులో కాదో తేలేది పెట్టేటప్పుడు కాదు, వారి పొయ్యి మీది రొట్టెను మనం చేయి చాచి అందుకొనేటప్పుడు.

శక్కర్‌నగర్ కర్మాగారం 2015లో మూతపడింది. క్యాంపు పెద్దమ్మ కుమారుడు అంతకు ముందే నిజామాబాదుకు వచ్చి స్థిరపడ్డాడు. నిరుడు ఆయన తన పెరట్లో ఇటుకలతో, మట్టితో గుమ్మటం వంటి పొయ్యి కట్టించాడు. కట్టిన మేస్త్రీ మరెవరో కాదు, మాకు కట్టెలు మోసిన ఆ తల్లి కొడుకే. ఆ పని చేస్తూ చేస్తూ ఆయనకూ మోజు పుట్టి, తన ఇంటి వెనుక అటువంటిదే మరొకటి కట్టుకున్నాడు. ఇప్పుడు ఆదివారాలు వారిద్దరూ పిజ్జాలు మార్చుకుంటున్నారు.

దసరా సెలవుల్లో మేస్త్రీ ఇంటికి నన్నూ పిలిచారు. వట్టి చేతులతో వెళ్ళడం ఎందుకని సర్వపిండి స్వయంగా చేసి తీసుకువెళ్ళాను. ఆయన తన పొయ్యిలో కాలిన పిజ్జాను నాలుగు ముక్కలు కోసి, మొదటిది నా చేతికి ఇచ్చాడు. అంచు చక్కగా పొంగింది. నడుమ మాత్రం కొంచెం తడి మిగిలింది. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపి, నా సర్వపిండిని తుంచి నోట్లో వేసుకొని కాసేపు నమిలాడు.

"నూనె ఎక్కువైంది సార్. మా అమ్మ చేసింది మీరెప్పుడు తినలేదు కదా!" అన్నాడు.