బీపీ గోలీ కాడ తెగిన గొలుసు డయాలసిస్ కాడ తేలుతది

మన ఊరి రైతు ఒకాయన అనుకుందాం. యాభై ఏండ్లుంటయ్. ఆశా అక్క ఇంటికొచ్చి బీపీ చూసింది, ఎక్కువుందన్నది. సబ్ సెంటర్ల నెలకు సరిపడ గోలీలిచ్చిండ్రు. మల్ల నెల పోతే స్టాక్ రాలే అన్నరు. మండలం పోవాల్నంటే ఒక దినం కూలి పాయె, ఆటో కిరాయి పాయె. తలకాయ నొస్తలేదు గదా, ఏమైతది అని ఆయన గోలీలు బందు పెట్టిండు. కొన్నేండ్లకు కాళ్లు ఉబ్బినయ్. పట్నం పోతే కిడ్నీలు ఖరాబైనయ్ అన్నరు. ఇగ వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ కాడ పండుకునుడు.

కిడ్నీలు పాడుగావడానికి షుగర్, బీపీలే పెద్ద కారణాలు. బీపీ నొప్పి లేకుంటనే లోపల పని కానిస్తది.

డయాలసిస్ కాడికొచ్చినంక సర్కారు పైసలు పెడ్తది. ఉమ్మడి రాష్ట్రంల 2007ల ఆరోగ్యశ్రీ మొదలైంది. తెలంగాణల 2023 డిసెంబర్ల దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిండ్రు. మంచిదే, ప్రాణం మీదికొచ్చినోళ్లకు అది కావాల్సిందే. కానీ గోలీ కాడ తెగిన గొలుసును డయాలసిస్ కాడ ఎందుకు అతుకుతున్నం?

ఎవర్నడిగినా జవాబుంటది. ఏఎన్ఎం ఇండెంట్ పెట్టిన అంటది. ఫార్మసిస్టు జిల్లా స్టోర్ నుంచి రాలే అంటడు. డాక్టరు పేషెంటే మల్ల రాలే అంటడు. ఎవ్వరూ అబద్ధం చెప్తలేరు. ఎవరి పని వాళ్లు చేసిండ్రు, మనిషి కిడ్నీలు మాత్రం పోయినయ్. ఒకరి పనికీ ఇంకొకరి పనికీ నడుమ ఉన్న సందును చూసేటోళ్లే లేరు.

గోలీలు లేవని జనం పీహెచ్‌సీకి పోరు. జనం వస్తలేరని ఖాళీ పోస్టు నింపుడు వెనకవడ్తది. డాక్టరు లేకుంటే జనం ఇంకింత తగ్గుతరు. అందరు పట్నం బాట పడ్తరు, పైసలు గూడ వాళ్ల ఎంబడే పోతయ్. రూల్ ప్రకారం మైదాన ప్రాంతంల 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, 5 వేల మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలె. గోలీ లేని బిల్డింగ్ ఉండి ఏం ఫాయిదా?

తమిళనాడు 1994ల మందులు కొనేతందుకు ఒక కార్పొరేషన్ పెట్టింది. జిల్లాలల్ల గోదాములు పెట్టి, దవాఖానలకు పాస్‌బుక్‌లిచ్చిండ్రు. ఎంత మందు తీస్కున్నరో, ఇంకెంత తీస్కోవచ్చో అందుల రాసి ఉంటది. మన కాడ గూడ కార్పొరేషన్ ఉన్నది, స్టోర్లున్నయ్. సబ్ సెంటర్ల గోలీ ఒడిసిన ముచ్చట పైకి ఎన్ని దినాలకు చేరుతది అన్నదే అసలు సంగతి.

తమ్ముళ్లు, చెల్లెండ్లు! ఈసారి గ్రామసభల కొత్త దవాఖాన అడిగేముందు మూడు సంగతులు అడుగుండ్రి. పోయిన మూడు నెలల్ల బీపీ, షుగర్ గోలీలు ఎన్ని దినాలు లేవు? గోలీలు మొదలుపెట్టినోళ్లల్ల ఎందరు మల్ల రాలే? రానోళ్ల ఇంటికి ఎవరన్న పోయిండ్రా? చెప్పకుంటే ఆర్టీఐ పెట్టుండ్రి. అప్పటిదాంక మీ ఇంట్ల నాయిన గోలీ డబ్బ ఒక్కసారి తీసి చూడుండ్రి, అందుల గోలీలు ఉన్నయా లేవా.