ఒక్క గేరు సైకిలు

దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో 21 గేర్ల సైకిలును చూచి మన విద్యార్థి సోదరులు ముచ్చటపడుచున్నారు. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనుక ఏడు, లెక్క ఘనమైనదే. కాని చైతన్యపురి మీదుగా ఎల్.బి. నగర్ చేరువానికి అందులో రెండు మూడింటితోనే పని. వానకాలపు బురదకు మొదట లొంగేది కూడా ఆ గేర్లు మార్చే యంత్రాంగమే. లావు టైర్లు, ఒక్క గేరు గల సైకిలే మేలని మా అభిప్రాయం.

కొనేముందు రంగు చూడక, పళ్ళు లెక్కించవలెను. ముందు 32, వెనుక 16 ఉన్నచో పెడలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రం రెండు చుట్లు తిరుగును; 26 అంగుళాల చక్రానికి అది సుమారు నాలుగు మీటర్లు. 44, 18 అయినచో దాదాపు ఐదు మీటర్లు. చదునున వేగం దక్కును గాని, ఫ్లైఓవర్ ఎక్కునప్పుడు మోకాళ్ళు మొరపెట్టును. మొదటిదే మాకు సమ్మతం. (వేగమే కావలసినవారికి 2018 నుండి నెత్తిమీద మెట్రో ఉన్నది కదా!)

సైకిలు ఎన్నిక మన చేతిలోనిది, దారి కాదు. 2023లో నగరపు పడమటి అంచున, ఔటర్ రింగు రోడ్డు వెంట, సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ బాట వెలసినది. సంతోషమే. కాని పుస్తకాల సంచితో, బస్సుల ప్రక్కన ఒదిగి పోవు కొత్తపేట విద్యార్థికి ఆ కప్పు అక్కరలేదు; రోడ్డు అంచున రెండు గజాల బాట గీసి, దానిపై వాహనాలు నిలుపకుండ చూడవలెనని మేము కోరుచున్నాము.