కోడ్‌కి స్క్రీన్‌షాట్ వద్దు బాస్.. రంగులు కూడా ఆలోచించి వేయండి

కొత్త ఫోన్ కొనేముందు పీపీఐ ఎంత, బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్, ప్యానెల్ ఓఎల్ఈడీనా ఎల్‌సీడీనా అని గంటల తరబడి పోల్చి చూస్తాం. కానీ బీటెక్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లోనో, ఆఫీస్ డిజైన్ డాక్యుమెంట్‌లోనో కోడ్ పెట్టాల్సి వచ్చేసరికి ఆ శ్రద్ధంతా ఎటో పోతుంది. స్నిప్పింగ్ టూల్ ఓపెన్ చేయడం, డార్క్ థీమ్‌లో ఉన్న ఎడిటర్‌ని క్రాప్ చేయడం, పేజీలో అతికించడం. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. చూడ్డానికి కలర్‌ఫుల్‌గానూ ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. డాక్యుమెంట్‌లో కోడ్ ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉండాలి, బొమ్మగా కాదు. దాన్ని అందంగా చేయడంలో రంగులది ఆఖరి స్థానం, మొదటి స్థానం కాదు.

స్క్రీన్‌షాట్‌తో వచ్చే చిక్కేంటి?

ముందు లెక్క చూద్దాం. 1080పి ల్యాప్‌టాప్‌లో సగం స్క్రీన్ క్రాప్ చేస్తే వెడల్పు 960 పిక్సెళ్లు. దాన్ని పేజీలో 6 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి వచ్చేది 160 పిక్సెళ్లే. మామూలు లేజర్ ప్రింటర్ అంగుళానికి 600 చుక్కలు వేయగలదు. అంటే మీ రిపోర్ట్‌లో పేరాగ్రాఫ్‌లు పదునుగా, కోడ్ మాత్రం మసకమసకగా వస్తుంది. పైగా నల్ల బ్యాక్‌గ్రౌండ్. జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే పేజీ నిండా బూడిద రంగు, దాని మీద ఇంకాస్త లేత బూడిద అక్షరాలు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఆ పేజీని చదవకుండా తిప్పేస్తే తప్పు ఆయనది కాదు.

"ఇప్పుడు ప్రింట్ ఎవరు చూస్తున్నారు, అంతా వాట్సాప్‌లో పీడీఎఫే కదా" అంటారా? అక్కడ ఇంకా కష్టం. ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు. ఫోన్ స్క్రీన్ వెడల్పు సుమారు 7. పేజీ మూడో వంతుకి కుంచించుకుపోతుంది కాబట్టి 10 పాయింట్ల అక్షరం దాదాపు 3 పాయింట్లకి పడిపోతుంది. జూమ్ చేయక తప్పదు. టెక్స్ట్ అయితే ఎంత జూమ్ చేసినా గీత చెదరదు. స్క్రీన్‌షాట్ అయితే పిక్సెళ్లు బయటపడతాయి. మంచి డిస్‌ప్లే ఉన్న ఫోన్ కొన్నదే దీనికా?

ఇవన్నీ కళ్లకి కనిపించే నష్టాలు. అసలు నష్టం వేరే ఉంది. ఓ రాత్రి ఆన్‌కాల్‌లో ఉండగా ఒక సర్వీస్ పడిపోయింది. పాత టీమ్ రాసిపెట్టిన పీడీఎఫ్‌లో ఆ ఎర్రర్ మెసేజ్ కోసం కంట్రోల్ ఎఫ్ కొట్టాను. ఒక్క రిజల్ట్ కూడా లేదు. ఆ కాన్ఫిగ్ మొత్తం అందులో ఉంది, కానీ స్క్రీన్‌షాట్‌లుగా ఉంది. 80 పేజీలు కంటితో వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక కాపీ కూడా చేయలేం, అక్షరం అక్షరం టైప్ చేయాల్సిందే. అదే డాక్యుమెంట్‌ని చూపు లేని ఇంజనీర్ స్క్రీన్ రీడర్‌తో చదవాలనుకుంటే అది కేవలం "ఇమేజ్" అని చెప్పి ముందుకెళ్లిపోతుంది. మనం స్టైల్ కోసం పెట్టిన బొమ్మ ఇంకొకరికి మూసేసిన తలుపు.

రంగు కంటే ముందు చూడాల్సినవి

డోనాల్డ్ క్నూత్ పేరు విన్నారు కదా, టెక్స్ అనే టైప్‌సెట్టింగ్ సిస్టమ్ తయారు చేసిన ఆయన. ఆ టెక్స్ సోర్స్ కోడ్ మొత్తాన్ని 1986లో ఒక పుస్తకంగా అచ్చువేశారు. అందులో కీవర్డ్‌లు బోల్డ్‌లో, వేరియబుల్ పేర్లు ఇటాలిక్‌లో ఉంటాయి. రంగుల అవసరం రాలేదు. 1960ల్లో ఆల్గోల్ భాష ప్రోగ్రామ్‌లు పేపర్లలో అచ్చయినప్పుడు కూడా కీవర్డ్‌లకి బోల్డే వాడేవారు. అంటే సింటాక్స్ హైలైటింగ్ అనే ఆలోచన కలర్ మానిటర్ల కంటే పాతది. కోడ్‌లో ఏది ఏమిటో కంటికి తెలియాలి, అదీ దాని పని. రంగు అందుకు ఒక దారి మాత్రమే.

కాబట్టి ముందు ఫాంట్ చూడండి. సున్నాకి, పెద్ద ఓకి తేడా తెలియాలి. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ మూడూ వేర్వేరుగా కనబడాలి. జెట్‌బ్రెయిన్స్ మోనో, సోర్స్ కోడ్ ప్రో, ఇన్‌కన్సొలాటా లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. లిగేచర్లు మాత్రం డాక్యుమెంట్‌లో ఆఫ్ చేయండి. "సమానం కాదు" అనే ఆపరేటర్‌ని ఫాంట్ ఒకే గుర్తుగా కలిపి చూపిస్తే, కొత్తగా నేర్చుకునేవాడు ఆ గుర్తు కీబోర్డ్‌లో ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. జెట్‌బ్రెయిన్స్ మోనోలో లిగేచర్లు లేని ఎన్ఎల్ వెర్షన్ విడిగా ఇస్తున్నారు, అది తీసుకోండి.

తర్వాత లైన్ పొడవు. ఎడిటర్‌లో 120 అక్షరాలు హాయిగా పడతాయి, ఏ4 పేజీలో పట్టవు. రిపోర్ట్‌లోకి వెళ్లే కోడ్‌ని 75 అక్షరాల లోపు మీరే విరిచి రాసుకోండి. ముఖ్యంగా, 300 లైన్ల ఫైల్ మొత్తం కుమ్మరించకుండా మీ లాజిక్ ఉన్న 20 లైన్లే పెట్టండి. మిగతాది రిపాజిటరీలో ఉంటే చాలు.

మరి ఏ టూల్ వాడాలి?

లాటెక్‌లో రాసేవాళ్లకి రెండు పాత దారులున్నాయి. మొదటిది లిస్టింగ్స్ ప్యాకేజీ. బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, అదే దీని ప్లస్ పాయింట్. కానీ డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో అవుట్‌పుట్ బాగోదు. ఫాంట్ మోనోస్పేస్ కాదు, అక్షరాల మధ్య ఖాళీలు వింతగా వస్తాయి. బేసిక్ స్టైల్‌ని టైప్‌రైటర్ ఫాంట్‌కి, కాలమ్స్‌ని ఫుల్‌ఫ్లెక్సిబుల్‌కి మార్చాకే మనిషి చూడదగ్గట్టు ఉంటుంది. జావాస్క్రిప్ట్ సపోర్ట్ కూడా దాంతోపాటు రాదు, కీవర్డ్‌ల లిస్ట్ మనమే రాసుకోవాలి. కామెంట్ తెలుగులో రాశారా, మామూలు పీడీఎఫ్ లాటెక్‌తో తిప్పలు ఖాయం.

రెండోది మింటెడ్. ఇది పైథాన్‌లో రాసిన పిగ్మెంట్స్ లైబ్రరీతో రంగులు వేయిస్తుంది. వందలాది భాషలు తెలుసు, రిజల్ట్ కూడా చాలా నీట్‌గా ఉంటుంది. నా ఓటు దీనికే. కాకపోతే చాలా ఏళ్లపాటు దీనికి షెల్ ఎస్కేప్ అనే స్విచ్ ఆన్ చేయాల్సి వచ్చేది. అది ఆన్ చేస్తే లాటెక్ ఫైల్ మీ కంప్యూటర్‌లో ఏ కమాండ్ అయినా రన్ చేయగలదు. ఏదో టెలిగ్రామ్ గ్రూప్‌లో దొరికిన టెంప్లేట్‌ని ఆ స్విచ్‌తో రన్ చేయడమంటే, దారిన పోయేవాడికి ఇంటి తాళాలు ఇవ్వడమే. 2024లో వచ్చిన మూడో వెర్షన్‌ని ఈ రిస్క్ తగ్గించే విధంగానే మళ్లీ డిజైన్ చేశారు. పాత వెర్షన్ వాడుతుంటే అప్‌డేట్ అవ్వండి. ఓవర్‌లీఫ్‌లో రాస్తే రన్ అయ్యేది వాళ్ల సర్వర్‌లో కాబట్టి మీ మెషీన్‌కి ఆ భయం లేదు.

లాటెక్ అంటేనే భయమా? టైప్స్ట్ చూడండి. 2023లో ఓపెన్ సోర్స్ అయింది. మార్క్‌డౌన్‌లోలాగే మూడు బ్యాక్‌టిక్స్ పెట్టి, భాష పేరు రాస్తే హైలైటింగ్ దానంతటదే వస్తుంది. ప్యాకేజీ లేదు, స్విచ్ లేదు.

ఇక మనలో ఎక్కువమంది వాడేది వర్డే. దానికీ దారి ఉంది. వీఎస్ కోడ్‌లో ముందు లైట్ థీమ్‌కి మారి, కోడ్ కాపీ చేసి, వర్డ్‌లో సోర్స్ ఫార్మాటింగ్ ఉంచే ఆప్షన్‌తో పేస్ట్ చేయండి. రంగులతో సహా టెక్స్ట్‌గానే వస్తుంది. ఒకే గడి ఉన్న టేబుల్‌లో పెట్టి లేత బూడిద షేడ్ ఇస్తే చాలు. వర్డ్‌లోనే కోడ్ టైప్ చేస్తే మాత్రం కొటేషన్ మార్కుల్ని వంకర కొటేషన్లుగా మార్చేస్తుంది. తర్వాత ఎవరైనా దాన్ని కాపీ చేసి రన్ చేస్తే సింటాక్స్ ఎర్రరే.

ఇప్పుడు రంగుల సంగతి

ఎడిటర్‌లో మీకు నచ్చిన థీమ్ కాగితం మీద పనిచేస్తుందనుకోకండి. మోనోకాయ్‌లో స్ట్రింగ్‌లకి వాడే పసుపుని తెల్ల కాగితం మీద వేస్తే కాంట్రాస్ట్ సుమారు 1.4:1. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలి. అంటే ఆ స్ట్రింగ్‌లు దాదాపు మాయమైనట్టే. ఎరుపు, ఆకుపచ్చల తేడా మీదే ఆధారపడటం కూడా వద్దు. ఆ రెండూ సరిగ్గా విడదీసి చూడలేనివాళ్లు మగవాళ్లలో తక్కువేం లేరు.

నేను పాటించే రూల్ ఒకటే: మూడు రంగులు మించకూడదు. కీవర్డ్‌లకి ముదురు నీలం, దాంతోపాటు బోల్డ్. స్ట్రింగ్‌లకి ముదురు గోధుమ. కామెంట్లకి ముదురు బూడిద, ఇటాలిక్. మిగతాదంతా నలుపు. రంగుకి తోడు బోల్డ్, ఇటాలిక్ ఉంటాయి కాబట్టి జిరాక్స్ తీసినా తేడా పోదు. ఇంత ఓపిక లేకపోతే పిగ్మెంట్స్‌లో బీడబ్ల్యూ అనే స్టైల్ రెడీగా ఉంది, పేరుకి తగ్గట్టే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌కి సరిపోతుంది.

ఇంత అవసరమా?

గో భాష సృష్టికర్తల్లో ఒకరైన రాబ్ పైక్ హైలైటింగే వాడరు. ఆయన స్థాయికి అది చెల్లుతుంది. రోజూ తను చదివే కోడ్ కాబట్టి రంగు లేకపోయినా నడుస్తుంది. డాక్యుమెంట్ చదివేవాడి పరిస్థితి అది కాదు. మీ కోడ్‌ని మొదటిసారి చూస్తున్నాడు, రన్ చేసి చూసే వీలు లేదు, మిమ్మల్ని అడిగే వీలూ లేదు. వాడికి ఆ కాస్త సాయం కావాలి.

"దీనికి మార్కులేం రావు కదా" అన్నది రెండో వాదన. నిజమే, రాకపోవచ్చు. కానీ సెమిస్టర్ అయ్యాక సర్వర్ ఆపేస్తారు, ల్యాప్‌టాప్ ఫార్మాట్ అవుతుంది, టీమ్‌లో నలుగురూ నాలుగు ఊళ్లకి పోతారు. చివరికి మిగిలేది ఆ పీడీఎఫ్ ఒక్కటే. వచ్చే ఏడాది జూనియర్ మీ పని ముందుకు తీసుకెళ్లాలంటే దాంట్లోంచే కాపీ చేసుకోవాలి. ఉద్యోగంలోనూ అంతే. మీరు కంపెనీ మారాక మీ తరఫున మాట్లాడేది మీరు రాసిన డాక్యుమెంటే.

నా వెర్డిక్ట్: వర్డ్ అయితే లైట్ థీమ్ పేస్ట్, లాటెక్ అయితే మింటెడ్ మూడో వెర్షన్, కొత్తగా మొదలుపెడితే టైప్స్ట్. సబ్మిట్ చేసేముందు రెండు టెస్టులు చేయండి. ఒక పేజీ బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీసి, చేతి దూరంలో పెట్టి చదవండి. తర్వాత పీడీఎఫ్‌లోంచి ఆ కోడ్‌ని కాపీ చేసి రన్ చేయండి. లైన్ నంబర్లు కలిసిపోయినా, ఇండెంటేషన్ పోయినా అప్పుడే తెలిసిపోతుంది. రెండూ పాసైతే మీ కోడ్ నిజంగా అందంగా ఉన్నట్టే.