చూపు వచ్చింది సరే, మళ్ళీ ఫోటో ఎందుకు?

"ఇంజెక్షన్ వేశారు, చూపు వచ్చింది. ఇంక ఈ ఫోటోలెందుకండీ?" అని మా కంటి విభాగంలో అడిగేవారు చాలామందే ఉన్నారు. అడగడంలో తప్పులేదు. బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవారి ఒకరోజు కూలి, పరీక్ష ఖర్చు లెక్కవేసుకున్నాకే ఆ ప్రశ్న వస్తుంది. అయినా ఆ ఫోటో మానకూడదన్నదే మా అభిప్రాయము.

కంటి వెనుక పొర అయిన రెటీనా నుండి రక్తాన్ని తీసుకుపోయే సిర మూసుకుపోతే, రక్తము, నీరు పొరలోకి ఊరి చూపు మసకబారుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. పెద్ద వయసువారిలో, రక్తపోటు ఉన్నవారిలో ఇది ఎక్కువ. రక్తం అందని రెటీనా ఒక పదార్థాన్ని విడుదల చేస్తుంది. కంటిలో వేసే ఇంజెక్షన్ ఆ పదార్థాన్ని అణచివేస్తుంది, వాపు తగ్గుతుంది, చూపు మెరుగవుతుంది. ఇంతవరకు సంతోషమే.

అయితే మూసుకుపోయిన సన్నని నాళాలు చాలావరకు అలాగే ఉండిపోతాయి. ఇది చాలామందికి తెలియదు. మందు ప్రభావం కొన్ని వారాలే. అది తగ్గాక రక్తం అందని భాగం ఎక్కువగా ఉన్న కంటిలో పనికిరాని కొత్త నాళాలు మొలిచి, నీరు బయటకు పోయే దారిని మూసివేసి, తీవ్రమైన నొప్పితో నీరుకాసులు రావచ్చు. ఒకప్పుడు దీనిని వందరోజుల నీరుకాసులు అనేవారు. ఇంజెక్షన్లు వచ్చాక ఆ లెక్క తప్పింది. కొందరిలో ప్రమాదం తొలగిపోలేదు, వాయిదా పడింది, అంతే.

మామూలు ఓసీటీ స్కాన్ వాపును చూపిస్తుంది గానీ, ఏ నాళం మూసుకుపోయిందో చూపించదు. అందుకు 1961 నుండి వాడుకలో ఉన్న ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ కావాలి. చేతి నరానికి రంగుమందు ఎక్కిస్తారు. కొందరికి వికారం, అరుదుగా ఎలర్జీ రావచ్చు. మూత్రం పచ్చగా వస్తే కామెర్లని భయపడనక్కరలేదు. రంగుమందు లేకుండా నిమిషాల్లో తీసే ఓసీటీ యాంజియోగ్రఫీ సుఖమే గానీ, చాలా యంత్రాల్లో అది మధ్యభాగానికే పరిమితము. మూసుకుపోయిన నాళాలు తరచు అంచుల్లోనే ఉంటాయి.

"మొదట తీశారుగా?" అంటారు. మొదట తీసినప్పుడు రక్తపు మరకలు, వాపు అడ్డుగా ఉంటాయి. అవి తగ్గాకే అసలు నష్టం ఎంతో తెలుస్తుంది.

ఖర్చు సంగతి మాకూ తెలుసు. సిర మధ్యలోనే మూసుకుపోయినవారిపై జరిగిన స్కోర్-2 అధ్యయనం, చవకైన బెవాసిజుమాబ్ ఆరు నెలలకు చూపు విషయంలో ఖరీదైన అఫ్లిబర్‌సెప్ట్‌కు తీసిపోలేదని 2017లో తెలిపింది. డాక్టరు సరేనంటే మందులో మిగిలిన డబ్బును ఫోటోకు పెట్టడమే మేలని మేము అనుకుంటాము.

ఫోటో తీసే వీలులేని చోట, పాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే దాని చుట్టూ కొత్త నాళాలున్నాయేమో చూడమని డాక్టరును అడగండి. పాత ఫోటోలుంటే పారేయక, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.