గేటు పోయాక గుర్తొచ్చిన మట్టికట్ట

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. 1953లో రాష్ట్రాల గీత గీసినా, ఆ రాత్రి బళ్లారిలోనూ కర్నూలులోనూ రైతుల దిగులు ఒక్కటే. పూడిక చేరి డ్యాం నిల్వ సుమారు 133 నుంచి 105 టీఎంసీలకు తగ్గింది. డ్యాం రాకముందు మన మడులను తడిపింది దరోజి వంటి మట్టికట్టల చెరువులే.

ఊరి చిన్న చెరువూ పూడిపోతోంది. అయితే ఆ పూడికను మన ట్రాక్టర్లతోనే తీయొచ్చు. ఆ మట్టి పొలానికి బలం. కట్టమీద కంపచెట్లను మొలకలోనే పీకేయాలి, లేకుంటే వేళ్ల వెంట నీరు కారి కట్ట తెగుతుంది. తూము, మరవ బాగుంటే వాననీరు నిలిచి బోర్లలో ఊట పెరుగుతుంది.

కాలువ నీటికి మూడు రాష్ట్రాలు ఒప్పుకోవాలి. చెరువుకు ఊరు కదిలితే చాలు. వచ్చే గ్రామసభలో ఈ మాట మనమే ఎత్తుదాం.